అ పోయిన కీబోర్డు

మా ఇంట్లో తాత, నాయన బాగానే ఉన్నారు. అమ్మ, అవ్వ, అన్న మాత్రం చెడిపోయారు. కంగారు పడకండి. నేను చెప్పేది మనుషుల గురించి కాదు, మా ల్యాప్‌టాప్‌లో టైపు చేసిన మాటల గురించి. 'అమ్మ' అని కొడితే 'మమ' అని పడింది. 'అవ్వ' అని కొడితే 'వవ' అని పడింది. 'అన్న' కాస్తా 'నన' అయ్యాడు. 'తాత', 'నాయన' మాత్రం సరిగ్గా పడ్డాయి. ఇదంతా ఒక్క కీ పోయినందువల్ల జరిగింది. ఆ ఒక్క కీ కోసం నేను ఏమేం చేశానో, ఏ తప్పు చేశానో ఈ వ్యాసంలో రాస్తున్నాను.

మన బడి పత్రికలో తెలుగు పేజీలు ఇంతకుముందు ఎట్లా వచ్చేవో పెద్ద తరగతుల వాళ్లకు తెలుసు. అందరూ తెల్ల కాగితం మీద చేత్తో రాసిస్తే, అయ్యవారు వాటిని అట్లాగే జిరాక్స్ తీయించి కుట్టించేవారు. ఈసారి తమిళం, ఇంగ్లీషు పేజీలతో పాటు తెలుగు పేజీలు కూడా అచ్చులో వేస్తామని ప్రధానోపాధ్యాయులు చెప్పారు. కానీ హోసూరులో మేము అడిగిన ప్రెస్సులో తెలుగు టైపు చేసేవాళ్లు లేరు. "పొంగల్ సెలవులు అయ్యేలోపు తెలుగు వ్యాసాలు టైపు చేసి ఇస్తే వేస్తారంట. లేకపోతే ఈ ఏడు తమిళం, ఇంగ్లీషు మాత్రమే" అని తెలుగు అయ్యవారు తరగతిలో చెప్పారు. ఆయన గొంతు అప్పుడు కొంచెం తగ్గింది. మొత్తం ఇరవై మూడు వ్యాసాలు. నేను చెయ్యి ఎత్తాను. నాకు అప్పటికి తెలుగు టైపింగ్ కొద్దిగానే వచ్చు. కానీ ఎవరూ ఎత్తలేదు కాబట్టి నేను ఎత్తాను.

మా అన్న ప్లస్ టూ చదివేటప్పుడు తమిళనాడు ప్రభుత్వం ఉచితంగా ఇచ్చిన ల్యాప్‌టాప్ మా ఇంట్లో ఉంది. అందులో రెండు ఆపరేటింగ్ సిస్టమ్‌లు ఉన్నాయి. ఒకటి విండోస్. ఇంకొకటి బాస్ లినక్స్. ఈ బాస్ లినక్స్‌ను సీ-డాక్ అనే మన దేశపు ప్రభుత్వ సంస్థ తయారు చేసింది. ల్యాప్‌టాప్ ఆన్ చేయగానే ఏది కావాలో అడుగుతుంది. పాతదైనా బాగానే పనిచేసేది. మూడో వ్యాసం టైపు చేస్తూ ఉండగా నేనే దాని మీద టీ ఒలకబోశాను. తప్పు పూర్తిగా నాదే. వెంటనే బోర్లించి, గుడ్డతో తుడిచి, రెండు రోజులు ఎండలో కాకుండా గాలికి ఆరబెట్టాము. అన్ని కీలూ బతికాయి. ఒక్క డి కీ మాత్రం లేవలేదు.

డి కీ పోతే ఇంగ్లీషులో ఒక అక్షరమే పోతుంది. తెలుగులో అట్లా కాదు. నేను నేర్చుకున్నది ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు. ఇది 1991లో భారతీయ ప్రమాణాల్లోకి వచ్చిన అమరిక. ఇందులో ఒక మంచి గుణం ఉంది. తెలుగు, కన్నడ, హిందీ, తమిళం ఏ భాషకైనా ఒకే ధ్వని ఒకే కీ మీద ఉంటుంది. కె కీ నొక్కితే తెలుగులో క, హిందీలో కూడా క. ఎడమ చేతి వైపు అచ్చులు, గుణింతపు గుర్తులు ఉంటాయి. కుడి చేతి వైపు హల్లులు ఉంటాయి. అందులో డి కీ మీద ఉన్నది పొల్లు. షిఫ్ట్ పట్టుకుని డి నొక్కితే వచ్చేది అ. అంటే మన అక్షరమాలలో మొదటి అక్షరం, మన వత్తులన్నిటికీ ఆధారమైన పొల్లు, రెండూ ఆ ఒక్క కీ మీదే ఉన్నాయి.

వత్తుకు పొల్లు ఎందుకని చిన్న తరగతుల వాళ్లు అడగవచ్చు. ఈ కీబోర్డులో చాలా వత్తులకు వేరే కీలు లేవు. 'మ్మ' రావాలంటే మొదట మ, తర్వాత పొల్లు, తర్వాత మళ్లీ మ నొక్కాలి. మధ్యలో పొల్లు ఉంటేనే రెండో మ కిందికి దిగి వత్తు అవుతుంది. పొల్లు లేకపోతే 'మమ' అని పక్కపక్కనే నిలబడతాయి. ఒక పేజీ తీసుకుని ఎన్ని పొల్లులు కావాలో లెక్కపెట్టాను. వంద దాటింది. 'తెలుగు' అనే మాటకు డి కీ అవసరం లేదు, 'హోసూరు'కు కూడా లేదు. కానీ ఆ రెండు మాటలతోనే వ్యాసం రాయలేము కదా.

మొదట స్క్రీన్ మీద కనిపించే కీబోర్డు తెరిచి, డి అవసరమైనప్పుడల్లా మౌస్‌తో నొక్కాను. అరగంటలో ఎనిమిది వరుసలు అయ్యాయి. మూతి ముడుచుకుని కూర్చుంటే అవ్వ చూసి, "ఏంటికమ్మా అట్లా ఉన్నావు?" అంది. "అవ్వా, నీ పేరు రాయడానికి కూడా రావడం లేదు" అన్నాను. "నా పేరు నేనే ఏనాడూ రాయలేదు, నువ్వేం రాస్తావులే" అని నవ్వింది. అవ్వ చదువుకోలేదు. కానీ ఈ పత్రికకు ఇచ్చిన వ్యాసాల్లో రెండు ఆమె చెప్పిన కతలే. అందుకని కూడా నాకు పట్టుదల వచ్చింది.

అప్పుడు అన్న చెప్పాడు, ఒక కీ పనిని ఇంకొక కీకి ఇవ్వవచ్చు అని. దాన్ని కీ రీమ్యాపింగ్ అంటారంట. ఎడమ చేతి చిటికెన వేలు పక్కనే క్యాప్స్ లాక్ కీ ఉంది. తెలుగు టైపింగ్‌లో దాని అవసరం నాకు లేదు. దానికి డి పని ఇద్దామనుకున్నాము. నాయన ఫోన్‌తో నెట్ కలిపి ఒక చిన్న ఉచిత సాఫ్ట్‌వేర్ దించుకున్నాము. క్యాప్స్ లాక్ నొక్కితే డి రావాలని అందులో చెప్పాము. నొక్కాను. పొల్లు పడింది. షిఫ్ట్ పట్టి నొక్కాను. అ పడింది. 'అమ్మ' అని కొట్టి, వంటింట్లో ఉన్న అమ్మను పిలిచి చూపించాను. అమ్మ చూసి, "దీనికా ఇంత కేక పెట్టినావు" అని మళ్లీ పొయ్యి దగ్గరికి పోయింది.

మరుసటి రోజు పొద్దున ల్యాప్‌టాప్ ఆన్ చేస్తే పాస్‌వర్డ్ అడిగింది. అన్న పాస్‌వర్డ్‌లో డి రెండుసార్లు ఉంది. క్యాప్స్ లాక్ నొక్కితే దాని దీపం వెలిగింది కానీ డి రాలేదు. ఎందుకంటే ఆ సాఫ్ట్‌వేర్ మనం లోపలికి పోయిన తర్వాతే పని మొదలుపెడుతుంది. తలుపు తీసిన తర్వాత నిద్రలేచే కాపలావాడిలాగా అన్నమాట. ఆ తర్వాత చదివితే తెలిసింది, ఇది మా సాఫ్ట్‌వేర్ ఒక్కదాని సంగతి కాదు. మైక్రోసాఫ్ట్ వాళ్లే ఇచ్చే పవర్‌టాయ్స్‌లో కీబోర్డ్ మేనేజర్ అని ఒకటి ఉంది. పాస్‌వర్డ్ అడిగే ఏ తెర మీదా అది పనిచేయదని, విండోస్ కీతో ఎల్, కంట్రోల్ ఆల్ట్ డిలీట్ లాంటి వాటిని మార్చలేమని వాళ్ల సూచనల్లోనే రాసి ఉంది. మరి పాస్‌వర్డ్ ఎట్లా కొట్టానంటే, లాగిన్ తెర మూలలో ఉన్న గుర్తు నొక్కి, మళ్లీ స్క్రీన్ మీది కీబోర్డునే తెరిచాను.

ఇంకొక చిక్కు కూడా వచ్చింది. అన్న వాడే ఒక పాత ప్రోగ్రామును అడ్మినిస్ట్రేటర్‌గా తెరవాలి. దాని లోపల క్యాప్స్ లాక్ మళ్లీ క్యాప్స్ లాక్ అయిపోయింది. ఎక్కువ అధికారంతో నడిచే ప్రోగ్రాము దగ్గరికి తక్కువ అధికారం ఉన్న సాఫ్ట్‌వేర్ పోయి కీలు మార్చకుండా విండోస్ ఆపుతుంది. అది మంచికే. లేకపోతే ఏ దొంగ సాఫ్ట్‌వేరైనా మనం కొట్టేదాన్ని మార్చేయగలదు. కానీ నా పొల్లు కూడా అక్కడే ఆగిపోయింది.

అప్పుడు అన్న ఇంకా కిందికి పోదామన్నాడు. ఇక్కడ నేను ఒక కొత్త సంగతి నేర్చుకున్నాను. మనం డి నొక్కితే కీబోర్డు 'డి' అనే అక్షరాన్ని పంపదు. ఒక సంఖ్యను పంపుతుంది. దాన్ని స్కాన్‌కోడ్ అంటారు. డి కీకి హెక్సాడెసిమల్ లెక్కలో 20, క్యాప్స్ లాక్‌కు 3ఎ. ఆ సంఖ్యను చూసి ఏ కీ అన్నది విండోస్ తేల్చుకుంటుంది. ఆ తర్వాత ఇప్పుడు ఏ భాష పెట్టి ఉందో చూసి అక్షరం వేస్తుంది. ఇంగ్లీషు పెట్టి ఉంటే డి, తెలుగు పెట్టి ఉంటే పొల్లు. విండోస్ రిజిస్ట్రీలో స్కాన్‌కోడ్ మ్యాప్ అని ఒక చోటు ఉంది. అక్కడ '3ఎ వస్తే 20 అనుకో' అని రాస్తే, మార్పు మొదట్లోనే జరిగిపోతుంది. రాసి, ల్యాప్‌టాప్ ఆపి మళ్లీ ఆన్ చేశాము. ఈసారి పాస్‌వర్డ్ దగ్గర కూడా డి వచ్చింది. అన్న పాత ప్రోగ్రాములో కూడా వచ్చింది.

దీనికి కూడా హద్దులు ఉన్నాయి. రిజిస్ట్రీలో రాయడానికి అడ్మినిస్ట్రేటర్ అధికారం కావాలి. రాసిన ప్రతిసారీ మళ్లీ ఆన్ చేయాలి. ఒక కీ స్థానంలో ఒక కీనే పెట్టగలము, రెండు మూడు కీల జతను పెట్టలేము. ఒక ప్రోగ్రాములో ఒక రకంగా, ఇంకొక దాంట్లో ఇంకొక రకంగా ఉంచలేము. చాలా ల్యాప్‌టాప్‌లలో ఎఫ్ఎన్ కీని అసలు మార్చలేము, ఎందుకంటే దాని పని కీబోర్డు లోపలే అయిపోతుంది, విండోస్ దాకా కబురే రాదు. అన్నిటికంటే పెద్ద సంగతి, ఈ మార్పు ఒక్కరికి కాదు. ఆ కంప్యూటర్ వాడే అందరికీ, దానికి తగిలించిన అన్ని కీబోర్డులకూ వర్తిస్తుంది. ఈ ఆఖరి మాటను నేను చదివాను కానీ మనసుకు పట్టించుకోలేదు. దాని ఫలితం తర్వాత చెబుతాను.

ఒకరోజు విండోస్ అప్‌డేట్ అవుతూ గంట దాటినా తెరుచుకోలేదు. సరే, లినక్స్‌లో టైపు చేద్దామని బాస్‌లోకి పోయాను. క్యాప్స్ లాక్ నొక్కితే ఏమీ రాలేదు. రిజిస్ట్రీ విండోస్‌ది. లినక్స్ దాన్ని చూడదు. ఒకే ల్యాప్‌టాప్, ఒకే కీబోర్డు, అయినా ఒక సిస్టమ్‌కు చెప్పిన మాట ఇంకొక దానికి తెలియదు. సంఖ్యలు కూడా అవే కావు. విండోస్‌లో 3ఎ అయిన క్యాప్స్ లాక్‌కు లినక్స్‌లో ఎక్స్ అనే భాగం 66 అని పేరు పెట్టుకుంది. ఎక్స్‌మోడ్‌మ్యాప్ అనే ఆదేశంతో 66కు డి అని చెప్పాను. ఇంగ్లీషులో డి వచ్చింది. సంతోషంగా తెలుగుకు మార్చి నొక్కితే పొల్లు రాలేదు.

దీనికి కారణం అర్థం కావడానికి నాకు ఒక రాత్రి పట్టింది. విండోస్ రిజిస్ట్రీలో మేము మార్చింది కీని. అందుకని భాష ఏదైనా పనిచేసింది. లినక్స్‌లో నేను మార్చింది అక్షరాన్ని. '66 నొక్కితే ఇంగ్లీషు డి వెయ్యి' అని మాత్రమే చెప్పాను. తెలుగుకు ఏం వెయ్యాలో చెప్పలేదు. తెలుగుకు కూడా విడిగా చెబితే పొల్లు వచ్చింది, కానీ కీబోర్డు అమరికను మళ్లీ పెట్టగానే ఆ మార్పంతా చెరిగిపోయింది. ఇంకా కింద, కెర్నెల్ దగ్గరే కీని మార్చే పద్ధతి లినక్స్‌లో కూడా ఉందని అన్న చెప్పాడు. అట్లా మారిస్తే అన్ని భాషల్లో నిలుస్తుందంట. ఇప్పుడు కొత్త లినక్స్‌లలో ఎక్స్ బదులు వేలాండ్ అనేది వస్తోంది. అందులో వేలాండ్ ప్రోగ్రాములకు ఎక్స్‌మోడ్‌మ్యాప్ పనిచేయదు.

బెంగళూరులో ఉండే మా పిన్నమ్మ కొడుకు దగ్గర మాక్ ఉంది. పొంగల్‌కు వచ్చినప్పుడు చూపించాడు. అందులో సెట్టింగ్స్‌లోనే క్యాప్స్ లాక్‌ను మార్చే చోటు ఉంది. కానీ దాన్ని కంట్రోల్‌గానో, ఆప్షన్‌గానో, కమాండ్‌గానో, ఎస్కేప్‌గానో మార్చవచ్చు. డి లాంటి అక్షరంగా అక్కడ మార్చలేము. దానికి కారబైనర్ లాంటి వేరే సాఫ్ట్‌వేర్ పెట్టుకుని, మనం కొట్టే కీలను చూడడానికి దానికి అనుమతి ఇవ్వాలి. ఆ అనుమతి ఇచ్చేముందు ఆలోచించాలని ఆయన చెప్పాడు. ఎందుకంటే మన కీలను మార్చగల సాఫ్ట్‌వేర్, మన కీలను చదవగలదు కూడా.

ఇప్పుడు నా తప్పు దగ్గరికి వస్తున్నాను. ఇది పొంగల్‌కు ముందే జరిగింది. మధ్యాహ్నం భోజనం తర్వాత మన బడి కంప్యూటర్ గదిలో టైపు చేసుకోవడానికి సార్ నాకు అనుమతి ఇచ్చారు. అక్కడ కీబోర్డులో డి బాగానే ఉంది. కానీ మూడు వారాలుగా నా చిటికెన వేలికి క్యాప్స్ లాక్ అలవాటైపోయింది. మాట మాటకూ అక్కడికే పోతోంది. పక్కన తమిళ విభాగంలో చదివే నా స్నేహితురాలు తమిళ్99 కీబోర్డులో చకచకా కొడుతోంది. తమిళంలో పొల్లును పుళ్ళి అంటారు. వాళ్లకు అది ఎఫ్ కీ మీద ఉంటుంది, సరిగ్గా మన డి పక్కనే. పైగా ఒకే హల్లును రెండుసార్లు నొక్కితే మధ్యలో పుళ్ళి తనంతట తానే పడిపోతుంది. ఆమెను చూస్తుంటే నాకు ఇంకా తొందర వచ్చింది. పెన్ డ్రైవ్‌లో మా ఇంటి రిజిస్ట్రీ ఫైలు ఉంది. మూల మీది కంప్యూటర్‌లో దాన్ని నొక్కి, ఆపి, ఆన్ చేశాను. ఎవరికీ చెప్పలేదు. గురువారం అది.

శుక్రవారం ఎనిమిదో తరగతికి ప్రాక్టికల్ పరీక్ష. బడి పేరు పెద్ద అక్షరాల్లో పెట్టి ఇంగ్లీషులో ఒక ఉత్తరం టైపు చేయాలి. మూల కంప్యూటర్ దగ్గర కూర్చున్న పాప క్యాప్స్ లాక్ నొక్కింది. డి పడింది. చెరిపి మళ్లీ నొక్కింది. మళ్లీ డి. భయపడి గట్టిగా పట్టుకుంటే వరుస నిండా డి, డి, డి అని పడిపోయాయి. అటు వచ్చిన సార్ అది చూసి, ఆడుకుంటోంది అనుకుని, లేపి బయట నిలబెట్టారు. "నేనేం చేయలేదు సార్" అని ఆ పాప ఏడ్చిందంట. ఇది సాయంత్రం నాకు స్నేహితురాలు చెప్పింది. చెప్పగానే నాకు అర్థమైంది. కానీ నేను నోరు తెరవలేదు. శనివారం, ఆదివారం రెండు రోజులూ ఇంట్లో టైపు చేశాను. ఏం టైపు చేశానో నాకు గుర్తులేదు.

సోమవారం సార్ ఆ కంప్యూటర్‌ను తానే చూశారు. క్యాప్స్ లాక్ తిక్కగా ఉందని ఆయనకు కూడా తెలిసింది. కీబోర్డు మార్చి చూశారు. కొత్త కీబోర్డులో కూడా డి వచ్చింది. దాంతో ఇది వైరస్ అయి ఉంటుందని, అంతా చెరిపేసి విండోస్ మళ్లీ వేస్తామని చెప్పారు. అందులో నేను భోజన విరామాల్లో టైపు చేసిన తొమ్మిది వ్యాసాలు ఉన్నాయి. వాటిని పెన్ డ్రైవ్‌లోకి ఇంకా తీసుకోలేదు. అప్పుడు పరుగెత్తుకుంటూ పోయి, "సార్, అది వైరస్ కాదు, నేనే చేశాను" అని చెప్పాను. ఈ వ్యాసంలో నిజమే రాయాలని కూర్చున్నాను కాబట్టి ఇది కూడా రాస్తున్నాను. ఆ రోజు నేను నోరు తెరిచింది ఆ పాప కోసం కాదు. నా తొమ్మిది వ్యాసాల కోసం.

సార్ కోప్పడతారనుకున్నాను. ఆయన కుర్చీ లాగి, "ఏం చేశావో చూపించు" అన్నారు. స్కాన్‌కోడ్ మ్యాప్ ఎక్కడుందో చూపించి, దాన్ని తీసేసి, మళ్లీ ఆన్ చేశాను. క్యాప్స్ లాక్ దీపం వెలిగింది. సార్ రెండుసార్లు నొక్కి చూసుకున్నారు. తర్వాత, "కంప్యూటర్ బాగైంది. ఆ పిల్ల సంగతి ఏంది?" అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు. "నేను కూడా అడగకుండా నిలబెట్టాను. ఇద్దరం పోదాం పద" అన్నారు.

ఎనిమిదో తరగతి గదిలోకి పోయి, అందరి ముందూ సార్ జరిగింది చెప్పారు. ఆ పాపకు పరీక్ష మళ్లీ పెడతామన్నారు. నేను "క్షమించు" అన్నాను. ఆ పాప తల ఎత్తకుండా, "నేనేం చేయలేదని నాకు తెలుసక్కా. కానీ నా చెయ్యే తప్పేమో అని రెండు రోజులు అనుకున్నా" అంది. ఆ మాట నన్ను ఇప్పటికీ వదలలేదు. నా ఇంట్లో డి పోయినప్పుడు కారణం నాకు తెలుసు. టీ ఒలికింది, కీ పోయింది. ఆ పాపకు కారణం ఏమీ తెలియదు. నొక్కిన కీ ఒకటి, పడిన అక్షరం ఇంకొకటి. అట్లాంటప్పుడు ఎవరికైనా తన చేతి మీదే అనుమానం వస్తుంది.

ఇంటికి పోయి అవ్వకు అంతా చెప్పాను. కంప్యూటర్ మాటలు ఆమెకు అర్థం కాలేదు, కానీ అసలు సంగతి అర్థమైంది. తన కళ్లజోడు తీసి చూపించి, "ఇది నాకు వెలుగు. నీకు పెడితే గుంతలో పడతావు. అదీ నిద్రపోయేటప్పుడు పెట్టి పోతే?" అంది.

ఆ వారమే అన్న బస్టాండు దగ్గర అంగడిలో పాత యూఎస్‌బీ కీబోర్డు ఒకటి నూటయాభై రూపాయలకు తెచ్చాడు. ల్యాప్‌టాప్‌కు తగిలించాము. విండోస్‌లో మార్పు ఇంకా ఉంది కాబట్టి దాని క్యాప్స్ లాక్ కూడా డి అనే పలికింది. రిజిస్ట్రీలో రాసింది తీసేశాము. ఇక ఏ సాఫ్ట్‌వేరూ లేదు. లాగిన్ దగ్గర డి వచ్చింది. లినక్స్‌లో వచ్చింది. పిన్నమ్మ కొడుకు మాక్‌కు తగిలించినా వచ్చింది. నెల రోజులు అంత తిప్పలు పడి ఏ సాఫ్ట్‌వేర్‌తోనూ సాధించలేనిది, మంచి కీ ఒకటి ఉంటే అన్ని చోట్లా వచ్చింది. నా చిటికెన వేలు మాత్రం మళ్లీ అలవాటు మార్చుకోవడానికి పది రోజులు పట్టింది.

అట్లాగని కీలు మార్చడం చెడ్డదని నేను చెప్పడం లేదు. చెయ్యి సరిగా కదలనివాళ్లకు, ఒక వేలు లేనివాళ్లకు అది సౌకర్యం కాదు, అవసరం. నాకు కూడా ఆ మూడు వారాలు అది లేకపోతే పని ఆగిపోయేది. కానీ తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీరు ఎప్పుడైనా కీ మార్చాలనుకుంటే ఈ మూడు సంగతులు గుర్తుపెట్టుకోండి. మార్పు ఏ మెట్టు మీద జరుగుతోందో తెలుసుకోండి. పై మెట్టు మీద చేసింది పాస్‌వర్డ్ దగ్గర, ఇంకొక భాషలో పనిచేయకపోవచ్చు. ఒక సిస్టమ్‌లో చేసింది ఇంకొక సిస్టమ్‌లోకి మీ వెంట రాదు. మూడోది, మీది కాని కంప్యూటర్‌లో అడగకుండా మార్చకండి. అడిగి మార్చినా, కీబోర్డు మీద ఒక చీటీ అంటించండి. ఇప్పుడు మన కంప్యూటర్ గది గోడ మీద నా చేతిరాతతో ఉన్న కాగితం అదే. తమిళంలో, తెలుగులో రెండింటిలోనూ రాశాను.

ఇరవై మూడు వ్యాసాలూ సెలవుల ఆఖరి రోజున పూర్తయ్యాయి. అయ్యవారు పెన్ డ్రైవ్ తీసుకుని, జేబులో పెట్టుకుని, జేబును ఒకసారి తట్టుకున్నారు. అవ్వ చెప్పిన కతలు రెండూ మీరు ఈ సంచికలో చదువుతారు. ఎనిమిదో తరగతి పాప కూడా వాళ్ల ఊరి గులాబీ తోటల గురించి ఒక వ్యాసం ఇచ్చింది. గడువు అయిపోయిందని అయ్యవారు అంటే, నేను చేస్తానని అడిగి తీసుకున్నాను. అది ఇరవై నాలుగోది. అందులో 'అమ్మ' అనే మాట ఏడుసార్లు వచ్చింది. ప్రెస్సుకు పంపే ముందు ఆ ఏడూ సరిగ్గా ఉన్నాయా అని రెండుసార్లు చూశాను.